రాట్నం మీద చిక్కిన తాయవ్వ

కమఠాణ ఊరి తాయవ్వ గొంతు ఎట్లాంటిదో ఆ ఊరి ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆమె మామ ఖండప్పకు మాత్రం తెలియదు. కాపురానికి వచ్చి ఏళ్ళు గడిచినా ఆ గొంతు ఆయన చెవిన పడలేదు. ఆ ఇంట్లో కోడలు మామ వినేలా నోరెత్తకూడదు. అన్నానికి పిలవాలన్నా గాజులు గలగలమనిపించాలి. ఎవడు పెట్టాడో గాని ఈ ఆచారం, వాడికి కూతుళ్ళు పుట్టి ఉండరు. మామ చేనుకు వెళ్ళాకే తాయవ్వ విసుర్రాయి ముందు కూర్చుని పాడుకునేది. వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు వినబడితే పాట సగంలో మింగేసేది.

రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన మరుసటి ఏడు బీదర్‌లో నుమాయిష్ ప్రదర్శన పెట్టారు. రంగులరాట్నం, మిఠాయి దుకాణాలు, వాటి నడుమ పాటల పందిరి. పలక పట్టిన పిల్లల నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా ఎవరైనా పాడవచ్చునని దండోరా వేశారు. పక్కింటి శరణమ్మ ఊరుకోలేదు, వెళ్ళి తాయవ్వ పేరు చెప్పి వచ్చింది.

"అక్కా, మా మామకు తెలుస్తే ఎట్ల?"

"ఎట్ల తెలుస్తది? ఆయన ఎద్దు బేరానికి సంతపూర్ పోతుండు. నువ్వు మైకు ముంగట ఒక్క పాట పాడు. సచ్చేదాంక యాదిలుంటది."

తాయవ్వకు ఆశ పుట్టింది. నోట్లో నోట్లో గొణుక్కోకుండా, ఒక్క పాటైనా మొదటి నుంచి చివరి దాకా గొంతెత్తి పాడాలి. ఆమె కోరుకున్నది అంతే.

పందిరి దగ్గర ఆమె వంతు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది. శరణమ్మ రంగులరాట్నం ఎక్కుదామని చెయ్యి పట్టి లాగింది. రాట్నం వాడు మొగులప్ప దాన్ని చేత్తో తిప్పుతుంటే మనుషులు కూర్చున్న పెట్టెలు పైకెక్కి కిందికి దిగుతాయి. అది తిరిగితే కిర్రుకిర్రుమని ఊరంతా వినబడుతుంది. పందిరి పెద్దలు విసిగిపోయి, పాట నడుస్తున్నంతసేపు రాట్నం కదలకూడదని హుకుం వేశారు. ఎవరి పెట్టె ఎక్కడ ఆగితే వాళ్ళు అక్కడే వేలాడాలి. ఒక ముసలాయన తత్వం ఎత్తుకునేసరికి తాయవ్వ, శరణమ్మ కూర్చున్న పెట్టె సరిగ్గా రాట్నం నెత్తికెక్కి ఆగింది.

పైనుంచి పందిరి వైపు చూసి తాయవ్వ కొయ్యబారిపోయింది. ముందు వరుసలో మామ! బేరం చెడినట్టుంది. పక్కన ఆమె మొగుడు పీరప్ప.

తత్వం ముగిసింది. "కమఠాణ తాయవ్వ" అని మైకులో పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఖండప్ప చివాలున లేచి నిలబడ్డాడు. పలికితే మామ వింటాడు, పలకకపోతే వంతు పోతుంది. కింద మొగులప్ప రాట్నం మీద చెయ్యి వేశాడు.

"అక్కా, కిందికి దిగినంక నన్ను పాడనిస్తడా?"

ఏదైతే అదైందని తాయవ్వ కూర్చున్నచోటే పాట అందుకుంది. పాట మొదలైందని మొగులప్ప చెయ్యి తీసేశాడు.

ఖండప్ప రాట్నం కిందికి వచ్చాడు. "దించు ఆమెను."

"పాట నడుస్తాంది పెద్దయ్యా. హుకుం లేదు."

మామ తన కాళ్ళ కింద నిలబడి ఉన్నాడని తాయవ్వకు తెలుసు. పారిపోవడానికి దారి లేదు. అయినా ఒక్కో చరణం అందుకుంటూ పోయింది. పందిట్లో జనం మెడలు పైకెత్తి విన్నారు. పాట మొత్తం పాడేసింది. అప్పుడు రాట్నం తిరిగింది.

దిగి, తలమీద కొంగు లాక్కుని నిలబడింది. ఖండప్ప ఆమెతో మాట్లాడలేదు, కొడుకు వైపు తిరిగాడు.

"ఈ పాట ఎవరు నేర్పిండ్రురా?"

పీరప్ప తల వంచుకున్నాడు. "నన్ను కన్న మా అవ్వ నేర్పింది నాయినా. సచ్చిపోయే ముంగట."

"మీ అవ్వ పాడేదా?"

"రోజూ పాడేది. నీకు భయపడి, నువ్వు చేనుకు పోయినంక."

ఆ భార్యతో ఒక జీవితకాలం కాపురం చేసిన ఆ మనిషి అక్కడే దుమ్ములో చతికిలబడ్డాడు.