గిన్నె మోగినా లేవని పొద్దు

మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దేదాకా నాకు రాయడం రాదు. నేర్చుకున్నాక కూడా రాయలేకపోయానంటే కారణం వంటింటి చప్పుడే. గిన్నె మోగితే చాలు, కలం పక్కన పెట్టి లేచిపోయేదాన్ని.

అందుకే అమలాపురం దగ్గర కాలవగట్టున, రచయితలు ఉండి రాసుకోవడానికిచ్చే పాత పెంకుల బంగళాలో నేను చెప్పే కబుర్లు విన్నవాళ్ళు నన్ను నెల రోజులు ఉండమంటే పొంగిపోయాను. ఆత్రేయపురంలో పొయ్యి మీద బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసి మమ్మల్ని పెంచిన అమ్మ గురించి రాయాలనుకున్నాను. నెల అయిపోవస్తున్నా కాగితం ఖాళీగానే ఉంది. అక్కడా వంటిల్లుంది, అక్కడా గిన్నెలు మోగాయి. వంట చేసే అమ్మాయి పక్కన చేరి అమ్మ కబుర్లు చెబుతూ, కొబ్బరి కోరుతూ, గ్లాసులు కడుగుతూ ఉండిపోయేదాన్ని.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి నా చేతిలోని గ్లాసు లాక్కుంది.

"పిన్నిగారూ, మీ అమ్మగారు రేకులు తీస్తా మధ్యలో లేచేవారాండీ?"

"లేచేది కాదే. లేస్తే కుండ వేడి తప్పిపోద్ది. మేం ఏడ్చినా అక్కణ్ణుంచే ఊరుకోబెట్టేది."

"ఆయ్. మరి మీరేంటండీ, గిన్నె మోగితే పరిగెత్తుకొచ్చేత్తారు? ఈ గిన్నెలు నాయండీ. మీ కుండ కాడికి మీరెళ్ళండి."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం మంట ముందు చెమటతో మెరిసే అమ్మ మొహం కళ్ళలో నిలిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. కూర్చునే తాగాను. లోపల గిన్నెలు మోగుతూనే ఉన్నాయి. ఖాళీ గ్లాసు పక్కకు జరిపి, అమ్మ పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి రాయడం మొదలుపెట్టాను.