తాండూరు కొత్త షటర్లలో మా చెల్లెలి గాజుల దుకాణం

శ్రావణమాసం మొదలైన వారానికి మా చెల్లెలు సరోజ తాండూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, దుకాణం మళ్ళ పాత బజారుకే మార్చుకుంట. గీడ బోణి గూడ అయితలేదు" అంది. మరునాడే బయల్దేరాను.

ముందు నా సంగతి చెప్పాలి. లింగంపల్లి దగ్గర ఒక కాలనీలో నాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. మాది వరుస దుకాణాల కాంప్లెక్స్. ఒకే కప్పు కింద ఏడెనిమిది షటర్లు, వాటి ముందు నీడకు పొడుగాటి వరండా, దాని ముందు బండ్లు నిలుపుకునే ఖాళీ జాగా. మెట్లెక్కే పని లేదు, లిఫ్టు గొడవ లేదు. పాల ప్యాకెట్టుకు వచ్చిన మనిషి పక్కనే జాకెట్టు గుడ్డ చూస్తుంది, పోతూ పోతూ మందులు కొంటుంది. ఊరి చివర కాలనీల బతుకంతా ఇప్పుడు ఈ వరుసల్లోనే నడుస్తోంది. అందుకే తాండూరులో హైదరాబాద్ రోడ్డు మీద అలాంటిదే కట్టారనీ, ఇరుకు బజారు వదిలి అక్కడ షటరు తీసుకుంటాననీ సరోజ అన్నప్పుడు శభాష్ అన్నాను. ఇప్పుడు వెనక్కి పోతానంటోంది. పాత బజారులో అద్దెకున్న మడిగె, అంటే దుకాణం గది, యజమాని ఆదివారం దాకా ఆగుతాడట, ఆ తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు. వరుస దుకాణంలో వ్యాపారం సాగకపోవడం ఏమిటో నా కళ్ళతో చూడాలనిపించింది.

ఉదయం ఆరున్నరకు రైలెక్కాను. తాండూరుకు నేరుగా వెళ్ళే రైళ్ళున్నాయి గానీ నాకు దొరికింది వికారాబాద్ దాకానే. ఎనిమిదికి ముందే దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్ళలా ఉంది, ఇడ్లీ మాత్రం పొగలు కక్కుతోంది. అనంతగిరికి పోయే కుర్రకారు ఆటోలతో బేరమాడుతున్నారు. వానలకు గుట్టలు పచ్చగా ఉన్నాయి, పోవాలనుకునేవాళ్ళు ఈ నెలలోనే పోవాలి. నాకా రోజు గుట్టలు చూసే తీరిక లేదు.

బస్టాండులో తాండూరు బస్సు సిద్ధంగా ఉంది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇచ్చింది. ఆడవాళ్ళు కార్డు ఇంట్లో మరిచిపోతే మాత్రం డబ్బులు పెట్టాల్సిందే.

ధారూర్‌లో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు బాలమణి, గొర్లు కాసే ఇల్లు. ఎక్కడికని నేను అడిగీ అడగకముందే మొదలుపెట్టింది.

"గాజులేయించుకునేతందుకు తాండూరు పోతున్న. ఎప్పుడు సరోజమ్మ దగ్గర్నే ఏయించుకుంటుంటి. గిప్పుడామె కొత్త షటర్లల్లకు పాయె."

"ఆడికే పోరాదు?" అన్నాను.

"పోయిన వారం పోయిన గద! అద్దాల తలుపు మూసి ఉన్నది. చెప్పులిడిసి పోవాల్నో, తొడుక్కొని పోవాల్నో సమజ్ గాలే. జరసేపు నిలవడి ఎన్కకొచ్చిన. గాజులకోసం గంత పరేషాన్ ఎందుకు?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. తప్పు చోటుది కాదు, తలుపుది! పాత బజారులో సరోజ అరుగు మీద చాప వేసుకుని కూర్చునేది. వచ్చినవాళ్ళు మెట్టు దగ్గర చెప్పులు విడిచి, ఎదురుగా కూర్చుని చెయ్యి చాపేవారు. మా వైపు గాజులంటే పెట్టెలో కొని ఇంటికి పట్టుకుపోయేవి కావు. తొడిగే మనిషి వేళ్ళు నొక్కి, కబుర్లలో పెట్టి, నొప్పి తెలియకుండా ఎక్కించాలి. ఆ పని అద్దాల కౌంటరుకు అటొకరు ఇటొకరు నిలబడితే జరగదు.

"నా ఎంబడి రా. సరోజకు నేను సొంత అక్కను" అన్నాను.

బాలమణి నా మొహం పరీక్షగా చూసి, "అవ్, ముక్కు గట్లనే ఉన్నది" అని ఒప్పుకుంది.

పది దాటాక దిగాం. కట్టడం బాగుంది, అందులో మాట లేదు. ముందంతా నున్నటి తాండూరు బండ పరిచారు. వెడల్పాటి వరండా, బేకరీ, మందుల షాపు, ఎరువుల షాపు, వాటి మధ్య గాజుల దుకాణం. అద్దం వెనకాల సరోజ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నేనే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"తలుపు బార్ల తెరువు. చాప వరండల ఎయ్" అన్నాను.

"ఓనరు ఒప్పుకోడక్కా. వరండ ఖాళీగ ఉండాలె, సిటీల గట్లనే ఉంటదంటడు."

"సిటీల మా వరండల కుట్టు మిషను ఉన్నది, పూలగంప ఉన్నది. ఆయనతోని నేను మాట్లాడుత. ఫికర్ చెయ్యకు."

తలుపుకు బండరాయి అడ్డం పెట్టి చాప పరిచాం. బాలమణి చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఎరువుల షాపులో మొగుళ్ళు బస్తాలు ఎత్తించుకుంటుంటే, ఏమీ తోచక వరండాలో నిలబడ్డ ఆడవాళ్ళు గాజుల చప్పుడుకు ఇటు తిరిగారు. ఒకామె వచ్చింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు. వరుస దుకాణాల మహిమే అది. వెనక సందులోంచి ఒక పెద్దామె కూడా వచ్చి చాప మధ్యలో కూర్చుని ఎడమ చెయ్యి ముందుకు పెట్టింది.

అప్పుడే ఓనరు శివప్ప మోటారు సైకిల్ దిగాడు. "ఏందిది సరోజమ్మా? వరండ ఖాళీ ఉంచుమన్న గద! లెవ్వుండ్రి, అందరు లెవ్వుండ్రి."

అంతా లేవబోయారు. పెద్దామె మాత్రం కదల్లేదు. తర్వాత తెలిసింది, ఆమె శివప్ప తల్లి. ఎడమ చేతి నిండా ఆకుపచ్చ గాజులు, కుడి చేతికి ఇంకా ఒక్కటీ లేదు. ఒక చేతికి తొడిగించుకుని రెండో చెయ్యి బోసిగా ఉండగా ముత్తైదువ లేవకూడదు. కర్ణాటక పక్కనే కదా, "నిల్లో" అని కన్నడంలో కొడుకును ఆగమంది. "ఒక్క చెయ్యితోని లెవ్వమంటవా? నీ నాయిన ఇంట్ల నిమ్మళంగ ఉన్నడు. మంచిగనే ఉన్నది నీ సిటీ కథ!"

చాప మీద వాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అదను చూసి నేను అందుకున్నాను. "తమ్మీ, నేను గూడ గసోంటి కాంప్లెక్స్‌లనే దుకాణం నడిపిస్తున్న. వరండల మనుషులు కూసుంటెనే షటర్లకు గిరాకి. ఖాళీ వరండను చూసి ఎవలొస్తరు?"

ఆయన కాసేపు చుట్టూ చూశాడు. బేకరీ ముందు ఇద్దరు మగవాళ్ళు పెళ్ళాల కోసం ఎదురుచూస్తూ చాయ్ తాగుతున్నారు. "సరే, చాప గోడకు జరుపుండ్రి. నడిచేతందుకు తొవ్వ ఉండాలె" అన్నాడు. "గట్లనే అన్నా" అంటూ సరోజ అప్పటికే పెద్దామె కుడి చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ సరోజ తనే పాత మడిగె యజమానికి ఫోన్ చేసింది. "ఆదివారం దాక ఎందుకే కాకా, ఎవలకన్న ఇచ్చుకో. నేను వస్తలేను" అని పెట్టేసింది. నన్ను సలహా కూడా అడగలేదు.

వెళ్ళి చూసేవాళ్ళకు ఒక మాట. హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్తే రాత్రికి ఇల్లు చేరవచ్చు, లాడ్జి అక్కర్లేదు. ఈ వరుస దుకాణాలు ఇంకా చాలా ఊళ్ళకు వస్తాయి, రావాలి కూడా. కట్టేవాళ్ళు సిటీని చూసి కట్టుకోవచ్చు, కానీ ముందు ఆ ఊరి ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో చూసుకోవాలి.

సాయంత్రం రైలుకు సంచి భుజానికి వేసుకున్నాను. నేనెప్పుడు వచ్చినా సరోజ స్టేషన్ దాకా వచ్చి, రైలు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడుతుంది. ఆ రోజు ఎవరిదో చెయ్యి నొక్కుతూ, తలెత్తకుండానే "పైలంగ పో అక్కా" అంది. అబద్ధమెందుకు, కాస్త చివుక్కుమంది. ఆటోలో ఒక్కదాన్నే వెళ్ళి రైలెక్కాను. బండి కదలగానే అలవాటు కొద్దీ కిటికీలోంచి చెయ్యి ఊపాను. ప్లాట్‌ఫారం మీద నాకోసం ఎవరూ లేరు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.