ముందుగాల నువ్వు తాగు

కాలేజీ పిల్లలతో కలిసి మురికికాలువల వెంట బ్లీచింగ్ పొడి చల్లినందుకు నా మనవరాలికి ఉత్తమ వాలంటీరని షీల్డు ఇచ్చారు. షీల్డును వండుకు తింటామా అనుకున్నాను గాని, పిల్ల చున్నీకి అంటిన ఆ పొడి వాసన నన్ను శామీర్‌పేటలో మా చేదబావి దగ్గరికి తీసుకుపోయింది.

నా చిన్నప్పుడు ఊళ్లో కలరా వస్తే, పట్నం కాలేజీ పిల్లలు వచ్చి బావిలో ఆ పొడే కలిపారు. నేను విషమనుకున్నాను.

"ఊకనే ఎవరన్న పని జేస్తరా?" అంటూ అమ్మ చెంబెడు నీళ్లు తోడి, వాళ్లలో ఒకమ్మాయి చేతికిచ్చింది. "ముందుగాల నువ్వు తాగు, బిడ్డా."

ఆమె ముఖం చిట్లించి మొత్తం తాగింది. "వాసనొస్తది గని ఏం గాదమ్మా."

పడిపోతుందేమోనని పొద్దుగూకేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె బాగానే బస్సెక్కాక మేం ఆ నీళ్లు తాగాం. నేను ప్రేమతో కూర్చున్నాననుకుందేమో, పోయేముందు నా తల నిమిరింది. అలా అనుకుని పోవడమే మంచిదైంది.