మామ పాట మీద నాలుగు సినిమా పాటలు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం మా మామ ఇంటి నిట్రాట స్తంభానికి మోకు కట్టి, దాన్ని రెండు చేతులా లాగుతూ పాట పాడాడు. ఎదురుగా పీట మీద మా నాన్న టేప్ రికార్డరు. నవ్వు ఆపుకోలేక పిల్లలమంతా నోళ్లు గట్టిగా మూసుకున్నాం.

మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు పాట ఎత్తేది మామే... అంటే మా మేనత్త మొగుడు. ఆయన ఒక మాట అంటే వెనక తాడు పట్టినవాళ్లంతా అందుకునేవాళ్లు. చేతిలో తాడు లేకుండా ఆ పాట ఎత్తకూడదని మావాళ్ల పట్టింపు. "వట్టి చేతులతో ఎత్తితే గంగమ్మ నవ్వుతాది" అనేవాడు మామ. అందుకే ఆ మోకు, ఆ నిట్రాట.

పాట అయ్యాక నాన్న, క్యాసెట్ వీపున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులు కత్తిమొనతో విరిచేశాడు. "ఇంక దీని మీద ఎవురూ ఏమీ ఎక్కించలేరు" అన్నాడు. ఆ కాలం పిల్లలకు తెలుసు... అవి విరిస్తే రికార్డు మీట నొక్కినా దిగదు. మామ పాటకు అది మా నాన్న వేసిన తాళం.

మరుసటేడు మామ జ్వరంతో పోయాడు. ఏటా ఆయన తిథి నాడు అత్త ఆకులో చేపల పులుసు వడ్డించి, క్యాసెట్ పెట్టమనేది. మీట నొక్కడం నా పని. మామ గొంతు వినబడుతున్నంతసేపూ, ఆయన వచ్చి తింటున్నట్టే ఆ ఆకు వైపు చూసేది అత్త.

నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి సినిమా పాటల పిచ్చి పట్టింది. ఖాళీ క్యాసెట్ కొనివ్వమంటే నాన్న "చూద్దాంలే" అనేవాడు. ఆ చూద్దాం ఎప్పటికీ రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం అత్త ఎండుచేపలు అమ్ముకురావడానికి వెళ్లింది. నేను పక్కనే ఉన్న ఆమె ఇంటికి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి మామ క్యాసెట్ తీశాను. విరిగిన చోట కాగితం ఉండ కుక్కితే చాలని బళ్లో స్నేహితురాలు చెప్పి ఉంది. నోటుపుస్తకం చివర చింపి కుక్కి, మా ఇంటికి తెచ్చి, రేడియో పక్కన పెట్టిన నాన్న టేప్ రికార్డరులో వేశాను. మీట టక్కున దిగింది.

మామ పాట అయిపోయాక మిగిలిన ఖాళీలోనే ఎక్కించాలనుకున్నాను... మొదటి పాట అలాగే ఎక్కించాను కూడా. అంతలో ఆ ఖాళీ కాస్తా నిండిపోయింది. రేడియోలో ఇంకో పాట మొదలవుతోంది. రీలు వెనక్కి తిప్పాను. తెలిసే తిప్పాను. మొత్తం నాలుగు పాటలు ఎక్కాయి. ఛీ... ఇప్పుడు రాస్తుంటే కూడా నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

తిథి దగ్గరపడింది. ముందురోజు రీలంతా బయటికి లాగి, నలిపి, చిక్కు చేసి పెట్టాను. మర్నాడు అందరి ముందూ దాన్ని తీసి, "ఉప్పు పట్టి పాడైపోయిందత్తా... నువ్వు ఎండుచేపల చేత్తో ముట్టుకుంటావు గదా" అన్నాను.

అత్త చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఆకులో పులుసు చల్లారిపోయింది.

ఆ రోజు నుంచి అత్త ఏ మిషనూ ముట్టుకోలేదు. టీవీ రిమోటు, మిక్సీ, ఫోను... ఏదిచ్చినా "నాయి ఉప్పు చేతులు మే, పాడైపోతాది" అని తప్పుకునేది. మనవరాలు మాట్లాడమని ఫోన్ ఇస్తే కొంగుతో పట్టుకునేది. ఊళ్లో అందరికీ అదొక తమాషా. నలుగురితో పాటు నేనూ నవ్వాను.

ఇప్పుడు నేను సూళ్లూరుపేటలో ఉంటున్నాను. పోయిన నెల అత్తను చూడటానికి వెళ్లాను. పాటల యాప్‌కి గడువు తీరిపోయి, నేను దాచుకున్న పాటలన్నీ ఆగిపోయాయని ఆమె ముందు ఎగిరెగిరి పడ్డాను. "ఏళ్ల తరబడి ఏరి పెట్టుకున్నానత్తా! ఒక్క కాపీ తీసుకోనివ్వరంట. అవి నావే కావంట. ఇదేం అన్యాయం!"

అత్త అంతా విని మెల్లగా అడిగింది.

"దాంట్లో అన్ని పాటలూ ఉంటాయంట గదమ్మా... మీ మామది ఉండాదేమో చూడు."

నేను వెతికినట్టు నటించాను. సిగ్గు లేకుండా వేలితో ఏదో టైపు కూడా చేశాను. "లేదత్తా" అన్నాను.

"యాడుంటాదిలే... ఉన్నదొక్కటీ నా చేతులతోనే పాడు చేసుకుంటి" అంది.

ఇంక నావల్ల కాలేదు. చెప్పేశాను. కాగితం ఉండ, నాలుగు పాటలు, నలిపిన రీలు... అన్నీ. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. లాగి ఒకటి కొట్టినా బాగుండేది.

అత్త రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"అయితే నా చేతులు కాదన్నమాట" అంది.

ఇంకాసేపటికి, "పోనీ నీకేమన్నా గుర్తుండాదా మే, ఆ పాట?" అని అడిగింది.

ఎంత తన్నుకున్నా మొదటి కేక తప్ప ఏమీ రాలేదు. ఆ నాలుగు సినిమా పాటలు మాత్రం... పల్లవి నుంచి చివరి చరణం దాకా ఒక్క మాట పోకుండా ఇప్పటికీ నోటికి వచ్చు.

ఇప్పుడు మా ఒడ్డున వల లాగేటప్పుడు ఎవరూ పాట ఎత్తడం లేదు. ఫోన్‌లో పెట్టుకుంటున్నారు. కాపీ తీసుకోనివ్వరని యాప్ వాళ్లను తిట్టడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు. మామ పాటకు ఒక్క కాపీ తీసుకోవద్దని మాకు ఆనాడు ఎవరూ చెప్పలేదు... మేమే తీసుకోలేదు.

మీ ఇంట్లో ఏ పాత క్యాసెట్‌లోనైనా ఎవరి గొంతైనా మిగిలి ఉంటే ఈరోజే ఇంకో దాంట్లోకి ఎక్కించుకోండి. నాలాగా ఎవరి గొంతు మీదైనా పాటలు ఎక్కించినవాళ్లుంటే... కింద రాయండి. లేదంటే ముందు వెళ్లి వాళ్లకే చెప్పండి. మా అత్త ముప్పై ఏళ్లు తన చేతుల్ని తానే అనుమానించుకుంటూ బతికింది.