పశువుల తొట్టెలో కొత్త కందులు

ప్రత్యక్షత పండుగనాడు ఆరాధనకి మా సంఘం వాళ్లతో సాలూరులో జీపెక్కి, పాచిపెంట పైనున్న కొండ ఊరి చర్చికి వెళ్లాను. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుని చూసిన రోజు అది. దేవుడు పరాయివాళ్లకి కూడా కనిపించిన రోజని, మా అమ్మ ఇంట్లో బైబిలు నేర్పుతూ చెప్పేది.

చర్చి గుమ్మంలో మాతో వచ్చిన సంఘపెద్ద ఒక కొండావిడకి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె చేతిలో ఆకుదొప్ప, దాన్నిండా ఉడికించిన కొత్త కందులు.

"బాప్తిస్మం తీసుకున్నావా?" అన్నాడు.

"నేదు బాబూ. కొత్త కందులు దేవుళ్లకి ఎట్టకుండా మేం తినం. ఊళ్లో అందరు దేవుళ్లకీ ఎట్టేసినాం. మీ బాబొక్కడే మిగిలిపోనాడు. బేగి ఎట్టేస్తే ఇంటికాడ పిల్లలు తింతారు."

"ఆ దేవుళ్లకి పెట్టింది ఇక్కడ పనికిరాదు."

"ఎంగిలి కాదు బాబూ. మీ బాబుకి దొప్ప వేరే కుట్టినాను."

"నీక్కాదూ చెప్పేది? బయట పెట్టి పో."

నాకు ఒళ్లు మండిపోయింది. "అన్నగారూ, ఆ జ్ఞానులు చుక్కలు చూసి వచ్చినవాళ్లు. మరియమ్మ వాళ్లని బాప్తిస్మం అయిందా అని అడిగిందా?" అన్నాను.

"మీకు తెలీదమ్మా, ఊరుకోండి."

ఊరుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, లోపల క్రిస్మస్‌కి పేర్చిన పశువుల తొట్టె దాకా తీసుకెళ్లాను. ఆమె దొప్ప అక్కడ పెట్టి, బాలుడి బొమ్మ పెదవికి ఒక గింజ తాకించి, ఇంకొకటి నా నోట్లో పెట్టింది. "తినప్పా. ఇంక అందరం తినొచ్చు" అంది, సొంత అక్కతో అన్నట్టు.

ఆ గింజకి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. ఆ పెద్దాయన కోసం కూడా ప్రార్థించాలనే మోకరిస్తాను. మాటలు రావు, కోపమే వస్తుంది.