ఈశ్వరి మీద పడ్డ మాట నాది

నిన్న గురువారం. ఎనిమిదింటికల్లా పాలు కాచాను, ఇడ్లీ రెండు వాయిలు దించాను, బట్టలు ఆరేశాను. కుక్కర్ పెడుతుంటే సాలూరు నుంచి మరిది ఫోన్.

"వదినా, ఈశ్వరి లేదు."

"ఎక్కడికెళ్ళింది?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను.

ఈశ్వరి నా తోటికోడలు. నలభై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా క్రోన్స్ అనే పేగుల జబ్బు. ఈసారి ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులే. మామూలు జ్వరమే అనుకుని నాకు కబురు చెయ్యలేదు.

హాస్పిటల్‌కి ఎప్పుడూ నేనే తోడు. మరిదికి షాపు వదలడం కుదరదు. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్ చేసేదాన్ని.

"నా పేగులకి నువ్వు గుమస్తావి అక్కా. జీతం ఏటిమ్మంటావు?" అనేది.

మూడేళ్ళ కిందట నొప్పి మళ్ళీ ఎక్కువైతే విశాఖపట్నంలో ఒక సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఫైల్ బాగా లావైపోయింది. అంతా ఎవరు చదువుతారులే అని ఒక్క పేజీలో నీట్‌గా రాసి, అది మాత్రమే పట్టుకెళ్ళాను.

అందులో రాశాను, "రెండుసార్లు కడుపు కోశారు" అని.

మన ఇళ్ళల్లో అలాగే అంటాం కదా. దేనికి కోసినా కడుపు కోశారనే అంటాం. ఆ రెండూ పేగు ముక్క తీసేసిన ఆపరేషన్లు. ఆయన సిజేరియన్లు అనుకున్నారు.

"పిల్లలు ఇద్దరా?" అని అడిగారు. అవునండి అన్నాను.

పిల్లలు ఇద్దరే. రెండూ నార్మల్ డెలివరీలు.

ఈశ్వరి నా చెయ్యి గిల్లింది. "అక్కా, పేగు కోసినారని సెప్పవేటి" అంది మెల్లగా.

"నువ్వూరుకోవే. అంతా కాయితంలో ఉన్నాది. బయట ఎంతమంది ఉన్నారో సూడు" అన్నాను.



సిజేరియన్లే కదా అని, కెమెరాతో చిన్న ఆపరేషన్ చాలన్నారు. లోపల పేగులన్నీ పాత కోతల దగ్గర అతుక్కుపోయి ఉన్నాయి. గొట్టం దించినప్పుడే పేగుకి కన్నం పడింది.

తర్వాత పద్నాలుగు నెలలు కుట్టులోంచి కారుతూనే ఉంది. రోజుకి నాలుగుసార్లు గుడ్డ మార్చుకునేది. వాసనొస్తాదని పెళ్ళిళ్ళకి రావడం మానేసింది.

ఎస్.కోటలో ఇదే జబ్బున్న ఒకావిడ చెబితే ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్ళాం. పెద్దావిడ. ఆ రోజు మరిది కూడా వచ్చాడు. నేను నోరు తెరవగానే, "మీరు ఆగండమ్మా. నొప్పి ఆవిడది, ఆవిడే చెప్తారు" అన్నారు.

ఈశ్వరి ముప్పావుగంట మాట్లాడింది. అన్నేళ్ళలో ఏ డాక్టర్ దగ్గరా అది అంతసేపు మాట్లాడడం నేను చూడలేదు.

పాత డిశ్చార్జ్ షీట్ చూసి ఆవిడ అడిగారు. "సిజేరియన్లని వీళ్ళకి ఎవరు చెప్పారు?"

"నేనేనండి. సదువు లేనిదాన్ని, తెలీక సెప్పేసినాను" అంది ఈశ్వరి.

అది ఇంటర్ ఫస్ట్ క్లాస్.

మరిది పక్కనే ఉన్నాడు. నేను నోరెత్తలేదు.

బయటికొచ్చాక, అలా ఎందుకన్నావే అని అడిగాను. "నువ్వని తెలిస్తే మీ మరిది మళ్ళీ నిన్ను రానిస్తాడేటి? నాకు తోడు ఎవులొస్తారు?" అంది.

ఆ డాక్టరమ్మ వెంటనే కొయ్యనన్నారు. మనిషికి కాస్త బలం పట్టాక, మూడు నెలలకి చేశారు. కారడం ఆగింది. ఏడాదిన్నర బాగా తిరిగింది. శ్రీకూర్మం వెళ్ళొచ్చింది. మా అమ్మాయి నిశ్చితార్థానికి కొత్త చీర కట్టుకుని వచ్చి, అందరి మధ్యా నిలబడి వడ్డించింది.

కానీ ఇంట్లో ఆ మాట అలాగే ఉండిపోయింది, "ఈశ్వరే సరిగ్గా సెప్పుకోలేదు" అని. నిన్న శవం పక్కన కూడా ఇద్దరు అన్నారు. విన్నాను. అక్కడా నాకు నోరు పెగల్లేదు.

అందుకే ఇక్కడ, ఫేస్‌బుక్‌లో రాస్తున్నాను. అత్తయ్య, మరిది, పిల్లలు చదవాలనే రాస్తున్నాను. ఆ కాయితం రాసింది నేను. చెప్పబోతే నోరు మూయించింది నేను. ఆ పద్నాలుగు నెలలు నా వల్ల. ఇకమీద ఎవరేమన్నా నన్ను అనండి.

ఈశ్వరీ, నీ మీద పడ్డ మాట దించేశాను. ఇంక ఏ నొప్పీ లేకుండా చల్లగా పడుకో తల్లీ.