తలుపు వెనక పేర్లు

పిరెనీస్ కొండల్లోని ఆ రాతి చర్చి తాళంచెవి రెమెయ్‌కి తల్లి దగ్గర్నుంచి వచ్చింది. తాళంచెవితోపాటు తల్లి నోరు కూడా వచ్చిందని ఊళ్లో అంటారు. తొమ్మిది వందల ఏళ్ల ఆ గోడలను బాగుచేస్తామని వచ్చిన ఒక్కడి మీద కూడా ఆమెకు గౌరవం లేదు.

ఆమె చిన్నప్పుడు వచ్చినవాళ్లు, ఇంత పాత చర్చికి పూత ఏమిటి, రాయే కనబడాలి అంటూ సున్నమంతా గీకేశారు. దాని మీద బొమ్మలుగా ఉన్న దేవదూతలు కూడా చెత్తబండి ఎక్కారు. తర్వాత ఆమె మొగుడు బొనిఫాసి రాళ్ల సందుల్లో సిమెంటు కూరి, ఇక ఢోకా లేదని మీసం దువ్వాడు. తేమ బయటికి పోయే దారిలేక గోడ ఉబ్బి కారడం మొదలెట్టింది. అతను పోయేదాకా రెమెయ్ ఆ సిమెంటు గురించి దెప్పుతూనే ఉంది.

ఇప్పుడు ఫెర్రియొల్ అనే ఆర్కిటెక్టు వచ్చి, సిమెంటు పీకించి, మళ్లీ సున్నం పూయించాడు.

"చూడండి రెమెయ్ గారూ, కట్టినవాళ్లే దిగొచ్చినా తేడా కనిపెట్టలేరు!"

"మా ఆయన కూడా ఇదే మాటన్నాడు."

"ఆయనకు తెలీదులెండి, పాపం."

"గీకినవాళ్లను ఆయన కూడా అలాగే పాపమన్నాడు."

గోడ బాగుచేసినవాడు తలుపు వెనక పచ్చి సున్నంలో తన పేరు గీయడం ఆ ఊరి ఆనవాయితీ. రెమెయ్ మేకు అందించింది. ఫెర్రియొల్ మురిసిపోతూ గీశాడు.

"ఇంకాస్త పెద్దగా రాయి నాయనా."

"ఎందుకండీ, ఇది చాలదూ?"

"రేపు దీన్ని గీకేవాడికి ఎవణ్ణి తిట్టాలో తెలియొద్దూ?"